కట్ చెప్పేదాకా నోరు ఆపకండి

నిన్న మధ్యాహ్నం యాంగోన్‌లో, లత అనే పేటలో, ఒక టీ దుకాణంలో కూర్చున్నాను. నేను పనిచేసే బ్యాటరీల కొట్టుకి ఆనుకునే ఉంటుంది అది. నూనెలో వేయించిన ఈచాక్వే టీలో ముంచుకుని ప్రశాంతంగా తింటుంటే పక్క బల్ల దగ్గర ఒక పెద్దమనిషి ఫోనులో పాట పెట్టాడు. చెవిలో పెట్టుకునే వైరు అనే వస్తువు ఒకటుందని ఈ ఊళ్ళో పెద్దమనుషులకి ఎవరూ చెప్పినట్టు లేరు. దుకాణమంతా ఆ పాటే.

పాత టీవీ పాట. మా చిన్నప్పుడు వారానికోసారి వచ్చే కార్యక్రమంలోది. టీవీ ఉన్నవాళ్ళ కిటికీ చువ్వలు పట్టుకుని వీధి వీధంతా చూసేది. బాణీ ఎవరో తెల్లవాళ్ళది, మాటలు బర్మా మాటలు. మోచేతులు దాటిన జాకెట్టు, మడమలు దాటిన లోంజీ కట్టుకున్న అమ్మాయి ఒకతె భుజాన శాలువాతో కొయ్యలా నిలబడి ఉంది. చేతిలో మైకు, మైకుకి వైరు. ఆ వైరు పక్కనున్న పూలకుండీ వెనక్కి వెళ్ళి అక్కడితో ఆఖరు, దేనికీ తగిలించి లేదు. పాట టేపులోంచి వస్తోంది, అమ్మాయి నోరు ఆడిస్తోంది. ఆ మనిషి మొత్తంలో కదిలేవి పెదాలొక్కటే.

పెద్దమనిషి కళ్ళలో నీళ్ళు. "చూశావా అమ్మా, ఎంత పద్ధతి!" అన్నాడు నాతో, బర్మీస్‌లో. "నడుం కదిలిందా? చెయ్యి భుజం దాటి లేచిందా? ఇప్పటి పిల్లలు పాడతారా, గంతులేస్తారా? ఆ రోజులు మళ్ళీ రావు." ఆ వీడియో కింద ఎవరెవరో రాసినవి కూడా నాకు చదివి వినిపించాడు. అందరిదీ ఒకటే ఏడుపు. ఆ మర్యాద, ఆ క్రమశిక్షణ, ఆ బంగారు కాలం.

నిజం చెబుతున్నాను, తింటున్నది పక్కన పెట్టేశాను. ఒక మనిషిని గీతలో నిలబెట్టి, కాళ్ళూ చేతులూ కదలొద్దని చెప్పి, గొంతు కూడా లాగేసుకుని, ఉత్తినే నోరు ఆడించమంటే దానికి పద్ధతి అని పేరా! దాన్ని తలుచుకుని ఏడవడానికి ఇంత వయసొచ్చిన మగవాళ్ళా!

లేవబోతుండగా తెరమీద ఎడమవైపు అంచులోంచి ఒక చెయ్యి వచ్చింది. అమ్మాయి జాకెట్టు మెడ దగ్గర కొద్దిగా జారితే, ఆ చెయ్యి గబుక్కున శాలువా కొస భుజంమీదికి లాగి మాయమైపోయింది. రెప్పపాటు. మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, చిటికెన వేలికి పొడుగు గోరు. పెద్దమనిషి అది గమనించనే లేదు. "ఇంకోసారి పెట్టండి," అన్నాను. నేనూ కరిగిపోయాననుకుని సంతోషంగా మళ్ళీ పెట్టాడు.

ఆ చెయ్యి మా మావయ్యది. పోయిన వానాకాలంలో చచ్చిపోయాడు.

అమ్మకి వరసకి అన్న అవుతాడు. అసలు మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో మా తెలుగు చర్చికి వచ్చే పిల్లలందరికీ ఆయన మావయ్యే. టీవీ స్టూడియోలో ఆయన చేసిన ఉద్యోగానికి పేరేమిటో మాకెవరికీ తెలీదు. అడిగితే "ఫ్లోరు" అనేవాడు, ఏదో పెద్ద పదవిలాగా. ఆ ఫ్లోరు మీద ఆయన సరంజామా ఒక సుద్దముక్క, ఒక శాలువా, చొక్కా కాలరు లోపలివైపు వరసగా గుచ్చుకున్న పిన్నీసులు. సుద్దతో గాయకుడి కాళ్ళ చుట్టూ గీత గీసేవాడు, ఆ గీత దాటకూడదు. మగపిల్లల జుట్టు కాలరు దాటితే మడిచి లోపలికి పిన్ను పెట్టేవాడు. ఆడపిల్లల భుజం కనిపిస్తే శాలువా. ప్రేమ పాట పాడుతూ కళ్ళు మూసుకోకూడదట. నవ్వొచ్చు గానీ పళ్ళు కనిపించేంత నవ్వకూడదట. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటుంది, అది ఆయన నోట కొన్ని వందల సార్లు విన్నాను.

"టేపు ఆగిపోయినా, బూమి బద్దలైపోయినా నోరు ఆపకూడదు. నోరు ఆపడం నీ పని కాదు. కట్ సెప్పీది నాను."

రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి చూపించేవాడు, కట్ అంటే. ఆ వేళ్ళు కనపడేదాకా పెదాలు ఆడుతూ ఉండాల్సిందే.

ఉద్యోగం వదిలేసినా ఆ బుద్ధులు వదల్లేదు, మా ఖర్మ. ఆదివారం చర్చి గేటు దగ్గర కాపు కాసేవాడు. జాకెట్టు చేతులు పొట్టిగా ఉన్నాయంటే కాలర్లోంచి పిన్ను తీసి అక్కడికక్కడే ఏదో ఒక గుడ్డ తగిలించేసేవాడు. దగ్గరకొస్తే కిళ్ళీ వాసనా, కర్పూరం వాసనా కలిసి గుప్పుమనేది. ఇంకా రోత పుట్టించే అలవాటు ఒకటుంది ఆయనకి. మనం మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడడు, నోటివైపే చూస్తాడు. గుచ్చి గుచ్చి చూస్తాడు. వయసులో ఉన్న ఆడపిల్లలం, మాకు ఒళ్ళు జలదరించేది. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళం. ఆ చెయ్యి పట్టుకుని లాగేసేవాడు.

"నోరు కనబడాలే. ఫ్రేములో ఉండు."

ఫ్రేములో ఉండు. రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి నాలుగుపలకలుగా పట్టి అందులోంచి మనిషిని చూసేవాడు. పెళ్ళికూతుర్ని అలాగే చూశాడు, బాప్తిస్మం తీసుకునేవాళ్ళని అలాగే చూశాడు. మా నాయనమ్మ భూస్థాపనకి పెట్టె మోస్తున్నవాళ్ళ ముందు కూడా వెనక్కి వెనక్కి నడుస్తూ, ఇటు తిరగండి, ఫ్రేములో ఉండండి అని కేకలేశాడు. అమ్మ ఏడుపు మధ్యలో నవ్వాపుకోలేక దగ్గింది. నాకు నవ్వు రాలేదు. ఎక్కడి మనిషిరా బాబూ అనిపించింది.

పిలిస్తే పలికేవాడు కాదు. వీధిలో వెనకనుంచి "మావయ్యా" అని గొంతు చించుకున్నా అలాగే నడిచిపోయేవాడు, దొరగారిలా. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే పక్కవాడి చెవిలో ఏదో చెప్పబోయి ఊరంతా వినపడేలా అరిచేవాడు. స్టూడియోలో అధికారం చెలాయించిన గొంతు కదా, తగ్గదు అనుకునేవాళ్ళం.

చిమిండైంగ్‌లో, బజారు వెనక సందులో మేడమీద ఆయన ఇల్లు. ఎప్పుడెళ్ళినా ఆ పాత టీవీ పాటల డిస్కులు ఆడుతూ ఉండేవి. సౌండు ఉండేది కాదు. మూగబొమ్మలు. కొయ్యల్లా నిలబడిన మనుషులు నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉంటే, ఎదురుగా కుర్చీలో మావయ్య కూర్చుని తనూ పెదాలు ఆడిస్తూ ఉండేవాడు. నేనొకసారి రిమోటు తీసుకుని సౌండు పెంచబోతే లాక్కున్నాడు.

"పాటకి సౌండెందుకే? పాట మనకి తెలుసు కదా. మొకం సూడు. ఆ నిలబడ్డం సూడు. ఇప్పుడు ఎవుడైనా నిలబడతాడేటే అలగ?"

పిచ్చి ముదిరింది అనుకున్నాను.

ఒక్క విషయం దగ్గర మాత్రం తల దించుకునేవాడు. "నా సర్వీసు మొత్తంలో ఒక్క తప్పు సేసినాను. నా సెయ్యి ఫ్రేములోకి ఒచ్చీసింది. దేసమంతా సూసినాది," అనేవాడు. హత్య చేసినవాడు కూడా అంత సిగ్గుపడడు. నిన్న నేను చూసింది ఆ తప్పునే.

ఇప్పుడు మా రూతు సంగతి చెప్పాలి. రూతు నా చెల్లెలు. నాకన్నా చాలా చిన్నది. మా ఇంట్లో గొంతంటూ ఉన్నది దానికే. రంగంలో, అంటే ఈ యాంగోన్‌లోనే, పుట్టి ఇక్కడే పోయిన మా నాయనమ్మ, తెలుగు కీర్తనలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేర్పింది. అది పాడుతుంటే కింది అంతస్తులో బర్మావాళ్ళు తలుపులు తీసి పెట్టుకునేవాళ్ళు. పదో తరగతి అయ్యేసరికి దానికి లోకంలో పాట తప్ప ఇంకోటి పట్టేది కాదు.

ఆ ఏడు క్రిస్మస్‌కి విశాఖపట్నం నుంచి ఒక పాస్టరుగారు భార్యతో కలిసి మా చర్చికి వస్తున్నారని కబురొచ్చింది. మా పెద్దలకి గాభరా పట్టుకుంది. మా పిల్లలకి తెలుగు మాటలు అర్థమవుతాయి గానీ చదవడం రాదు. పాటలన్నీ బర్మా అక్షరాల్లో రాసుకుని పాడతారు. పలుకు కూడా ఆ అక్షరాల పోలికే. "తెలుగుదేసం నుంచి ఒచ్చినోళ్ళు మన పిల్లల తెలుగు ఇని నవ్వీరంటే పరువేటుంటాది?" అన్నారు పెద్దలు. మావయ్య ఉండనే ఉన్నాడు కదా. ఆంధ్రానుంచి తెచ్చిన రికార్డు పాట స్పీకర్లో పెడదాం, పిల్లలు నోరు ఆడిస్తారు, నేను నేర్పిస్తాను అన్నాడు. చచ్చేంత సంబరం ఆయన మొహంలో. మళ్ళీ ఒక ఫ్లోరు దొరికింది.

మా పిల్లలు తెలుగువాళ్ళేనని తెలుగువాళ్ళకి చూపించడానికి మా పిల్లల తెలుగు దాచిపెట్టారన్నమాట. ఇలాంటి ఆలోచన మాకే వస్తుంది, ఇంకెవరికీ రాదు.

రోజూ సాయంత్రం చర్చిలో రిహార్సలు. పిల్లకో గుండ్రం చొప్పున సిమెంటు నేలమీద సుద్దతో గీశాడు. మావయ్య ముగ్గులు అని పిల్లలు నవ్వుకునేవారు. మధ్య గుండ్రం రూతుది, పాటలో ఒక చరణం అది ఒక్కతే పాడాలి. పాడాలంటే, నోరాడించాలి. అది ఓర్చుకోలేకపోయింది. మావయ్య వంగి ముగ్గులు గీస్తుండగా ఆయన వెనకాల నిలబడింది. నేను అక్కడే ఉన్నాను, మా అమ్మకోసం ఎదురు చూస్తూ.

"మావయ్యా, నా ఒక్కదాని చరణం టేపు ఆపీసి లైవ్ పాడతాను. నాకు తెలుగు నాయనమ్మ నేర్పినాది కదా, తప్పు రాదు."

ఆయన గీస్తూనే ఉన్నాడు. అది మళ్ళీ అడిగింది. ఆయన పక్క గుండ్రానికి జరిగాడు. అది కూడా జరిగి, "ప్లీజ్ మావయ్యా, ఒక్కసారి ఇని సూడు. బాగోకపోతే వొద్దను," అంది. ఆయన లేచి, చేతులకంటిన సుద్ద దులుపుకుని, వెనక్కయినా చూడకుండా స్పీకరు దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగతా పిల్లలు కిసుక్కుమన్నారు. రూతు చెవులు ఎర్రబడిపోయాయి.

ఇంటికొచ్చాక అంది, "అక్కా, కుక్కని పిలిస్తే కుక్కైనా తిరిగి సూస్తాది."

క్రిస్మస్ ఆదివారం పొద్దున్న చర్చి నిండిపోయింది. చలికాలం కాబట్టి ఫ్యాన్లు వేయలేదు, కిటికీల్లోంచి వెలుతురు బోలెడు కాబట్టి దీపాలూ వేయలేదు. పాస్టరుగారూ భార్యా ముందు వరసలో కూర్చున్నారు. పిల్లలు తెల్లబట్టల్లో ముగ్గుల్లో నిలబడ్డారు. మావయ్య మా అందరివైపు వీపు పెట్టి, పిల్లలకి ఎదురుగా నిలబడి, స్పీకరు మీట నొక్కాడు. పాట మొదలైంది. పెదాలు మొదలయ్యాయి. మావయ్య కూడా వాళ్ళతో పాటు పెదాలు ఆడిస్తున్నాడు, ఒక పిసరు వెనకగా. బాగానే సాగింది. రూతు చరణం అందుకుంది, అంటే టేపులో ఎవరో అందుకున్నారు, రూతు నోరు తెరిచింది.

కరెంటు పోయింది.

యాంగోన్‌లో కరెంటు పోవడం వింతా? రోజూ పోయేదే. స్పీకరు నోరు పడిపోయింది. చర్చిలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. రూతు నోరు అలాగే ఆడుతోంది. దాని కళ్ళు మావయ్యమీద ఉన్నాయి, ఇప్పుడైనా పాడనా అన్నట్టు. ఆయన కత్తెర వేళ్ళు చూపించలేదు. చెయ్యి ఇంకా జోరుగా ఊపుతున్నాడు. కానీ కానీ, నోరు కదపండి అన్నట్టు. కట్ చెప్పేదాకా నోరు ఆపకూడదు. పిల్లలు ఆపలేదు.

మిగిలిన చరణాలన్నీ అలాగే జరిగాయి. నీళ్ళు తీసేసిన తొట్టిలో చేపల్లాగా ఆ పిల్లలు నోళ్ళు తెరుస్తున్నారు, మూస్తున్నారు. పిల్లలు మావయ్య పెదాలు చూస్తున్నారు, మావయ్య పిల్లల పెదాలు చూస్తున్నాడు. ఒకరి వెనక ఒకరు నడుస్తుండటంతో పాట అంతకంతకూ నెమ్మదైపోయింది. ఒక్క మనిషి లేచి, ఆపండర్రా, గొంతెత్తి పాడండి అనలేదు. బయట రిక్షా బెల్లు వినపడింది. ఆఖరికి మావయ్య వేళ్ళు కత్తెరలా ఆడించాడు. పిల్లలు నోళ్ళు మూశారు.

అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు.

నిజంగా కొట్టారు. ముందు వరసలో పాస్టరుగారు కొట్టారు, ఆయన్ని చూసి పెద్దలు కొట్టారు, పెద్దల్ని చూసి వెనకవాళ్ళు కొట్టారు. మా అమ్మ కూడా కొట్టింది. మావయ్య వెనక్కి తిరిగి, చేతులు కట్టుకుని, బర్మావాళ్ళ పద్ధతిలో వంగి దండం పెట్టాడు. మొహం వెలిగిపోతోంది. రూతు దగ్గరకెళ్ళి దాని బుగ్గ తట్టి ఊరంతా వినపడేలా అన్నాడు, "ఫస్ట్ క్లాస్! నోరు ఎక్కడా తప్పలేదు. ఇన్నాళ్ళకి ఒక్క తప్పు లేని పాట ఒచ్చినాది."

రూతు బయటికి పరిగెత్తి నీళ్ళ కుళాయి దగ్గర కక్కుకుంది.

దారిలో అమ్మని అడిగాను, ఎందుకు కొట్టావని. "అందరూ కొట్టినారు కదే. సిన్నపిల్లలు, పాపం. ఏటి సేస్తాం మరి?" అంది. ఛీ! ఇన్నేళ్ళయినా ఆ ఏటి సేస్తాం మరి నా చెవిలో అలాగే ఉంది.

ఆ రోజునుంచి రూతు పాడలేదు. చర్చిలో నోరు గట్టిగా బిగించుకుని కూర్చునేది, పెదాలు కూడా కదిపేది కాదు. గిన్నెలు తోముతూ కూనిరాగం తీయడం కూడా మానేసింది. ఆస్పత్రిలో పనిలో చేరింది, పెళ్ళి చేసుకుంది, బిడ్డ పుట్టింది. బిడ్డకి జోల పాడమంటే ఫోనులో పెట్టేది. నేను ఆ ఫోను చూసినప్పుడల్లా మావయ్యని తిట్టుకునేదాన్ని. దాని గొంతు నొక్కేశాడు ముసలాడు, నొక్కేసి ఫస్ట్ క్లాస్ అన్నాడు అని. నోరుండీ మాట లేనివాళ్ళంటేనే ఆయనకిష్టం, నాకు అలా అర్థమైంది.

పోయిన వానాకాలం మావయ్యకి కాళ్ళు వాచి మంచాన పడ్డాడని తెలిసింది. అమ్మ జావ కాచి గిన్నెలో పోసి మా ఇద్దర్నీ వెళ్ళమంది. రూతు రానంది. "సచ్చీవోడి మీద కోపమేటే?" అని అమ్మ కసిరితే మొహం ముడుచుకుని బయల్దేరింది.

చిమిండైంగ్ బజారు సందంతా బురద, చేపల నీచు. మేడమీద తలుపు తీసే ఉంది. మావయ్య కిటికీ పక్క మంచంమీద దిండ్లకి ఆనుకుని, మాకు వీపు పెట్టి టీవీ చూస్తున్నాడు. అవే మూగబొమ్మలు. గోడమీద ఆ క్రిస్మస్ ఫొటో, అద్దం కట్టించి మరీ పెట్టుకున్నాడు. తెల్లబట్టల్లో పిల్లలు, అందరి నోళ్ళూ ఒక్కలాగే తెరుచుకుని. "మావయ్యా," అని పిలిచాను. కదల్లేదు. ఇంకోసారి పిలిచాను. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. చావు బతుకుల్లో కూడా ఈ దొరతనం ఏమిటి!

వంటగదిలోంచి అత్త వచ్చింది. "ముందుకెల్లి పిలవమ్మా. ఎనకనుంచి ఆయనకి ఇనబడదు."

"ఎప్పటినుంచి?" అన్నాను.

అత్త జావ గిన్నె అందుకుని గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది. "ఇంకెందుకులే దాపరికం. టీవీలో ఉన్నప్పుడే పోయినాయి. పాడీవోళ్ళకి ఇనబడాలని పేద్ద స్పీకరు ఎట్టీవోరు కదా, దాని పక్కనే నిలబడీవోడు. ముందు ఒక సెవి పోయినాది, తరవాత రెండోది. నోరు సూసి నెట్టుకొచ్చినాడు. సెవిటోడికి పాటల కాడ ఏటి పని అంటారని నా సేత పెమాణం సేయించినాడు, ఎవురికీ సెప్పొద్దని."

నేను గోడమీద ఫొటో చూశాను. రూతు కూడా అదే చూస్తోంది.

"అయితే అత్తా," అంది రూతు నెమ్మదిగా, "ఆయన ముగ్గులు గీసినప్పుడు ఎనకనుంచి నానడిగింది..."

"ఏటడిగినావో నాకు తెలీదమ్మా. ఎనకనుంచి అడిగితే ఇనలేదు."

"మరి ఆ రోజు కరెంటు పోయింది..."

"ఏ రోజు?" అంది అత్త. ఆ రోజు అత్త జ్వరంతో ఇంటిదగ్గరే ఉండిపోయింది. రూతు ఫొటో వైపు చెయ్యి చూపించి జరిగింది చెప్పింది. అత్త నోటికి తువ్వాలు కొస అడ్డం పెట్టుకుంది. "దేవా! ఒచ్చినోళ్ళందరికీ అదే సెప్పీవోడు. టేపుకీ నోటికీ ఎంట్రుకంత తేడా రాలేదని."

జాలి పడాలేమో ఆ క్షణంలో. నాకు రాలేదు. చెవులు పోతే పోయాయని చెప్పొచ్చు కదా, దానికింత నాటకమా, ఆ నాటకంలో నా చెల్లెలి బతుకా అని ఇంకా రోత పుట్టింది. ఆ వెంటే ఇంకో సంగతి తట్టి నాకు నిలబడబుద్ధి కాలేదు. ఆయనకి చెవులు లేవు సరే, చర్చినిండా కూర్చున్నవాళ్ళకి ఉన్నాయి కదా. పాట ఆగిపోయిందని తెలిసీ ఒక్కడు నోరెత్తలేదు. చప్పట్లు కొట్టింది చెవులున్నవాళ్ళే. మావయ్యని అసహ్యించుకోవడం తేలిక కాబట్టి ఇన్నాళ్ళూ ఆయన్నొక్కణ్ణే అసహ్యించుకున్నాను.

రూతు చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. "సెప్పీస్తానక్కా. ఆ ఫొటోలో పాటే లేదని మొకం మీద సెప్పీస్తాను. నోరు సూసి తెలుసుకుంటాడు."

అత్త గబుక్కున దాని చెయ్యి పట్టుకుంది. "వొద్దమ్మా, నీ కాళ్ళట్టుకుంటాను. ఆయనకి మిగిలినాది అదొక్కటే."

రూతు చెయ్యి విడిపించుకుని వెళ్ళి మంచానికి ఎదురుగా, టీవీకి అడ్డంగా నిలబడింది. మావయ్య చూసి గుర్తుపట్టాడు. వాచిన వేళ్ళతోనే నాలుగుపలకలు కట్టి అందులోంచి దాన్ని చూశాడు. "రూతు! ఫ్రేములో ఉండు," అని అరిచాడు. తర్వాత గోడవైపు చెయ్యి చూపించాడు. "గేపకముందా? ఒక్క తప్పు లేదు. అలాటి పాట మళ్ళీ ఎవురూ పాడలేదే."

"మావయ్యా, ఆ రోజు..." అంది రూతు, ఒక్కో మాటా విడదీసి, పెదాలు బాగా కనపడేలా.

ఆయన చూపు దాని నోటిమీద ఆగింది. చిన్నప్పుడు మా ఒళ్ళు జలదరింపజేసిన చూపు అదే. ఆ చూపు తర్వాతి మాటకోసం కాసుకుని ఉంది. రూతు నోరు తెరిచే ఉంది, మాట రావటం లేదు. కింద బజారులో చేపలమ్మి ఎవరితోనో దెబ్బలాడుతోంది. అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది.

రూతు పాడటం మొదలుపెట్టింది.

ఆ కీర్తనే. మొదటినుంచి. ముందు గొంతు బొంగురుగా వచ్చింది, మధ్యలో దగ్గింది, మళ్ళీ ఎత్తుకుంది. రెండో చరణానికి గొంతు విడిపోయింది, నాయనమ్మ నేర్పిన విరుపులతో సహా. అది ఒకచోట నిలబడలేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, నడుం ఊగిపోతోంది, చేతులు భుజాలు దాటి లేస్తున్నాయి. "ఫ్రేములో, ఫ్రేములో," అని మావయ్య గొణుగుతూ మెడ తిప్పుకుంటూ వెంట చూస్తున్నాడు. ఎటు నడిచినా రూతు ఒక్కసారి కూడా మొహం ఆయననుంచి పక్కకి తిప్పలేదు. ఆయన పెదాలు దాని పెదాల వెనక, ఒక పిసరు ఆలస్యంగా, కదులుతూనే ఉన్నాయి.

కింద దెబ్బలాట ఆగిపోయింది. మెట్లమీద అడుగుల చప్పుడు. బుగ్గలకి తనకా చెక్క గంధం పూసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు, చేపల బుట్టతో ఒక ముసలామె, ఎదురు వాటా వాళ్ళు గుమ్మంలో నిలబడిపోయారు. ఒక్క ముక్క తెలుగు రాదు వాళ్ళకి. అత్త ఏడుస్తోంది.

పాట అయిపోయింది. మావయ్య రెండు వేళ్ళు ఎత్తి కత్తెరలా ఆడించాడు.

"అచ్చం ఆ రోజులాగే ఉన్నాదే," అన్నాడు. "నోరు ఎక్కడా తప్పలేదు. సెయ్యి పైకి లేపీసినావు, అదొక్కటి తప్పు. అయినా ఫస్ట్ క్లాస్."

రూతు ఆయన ముందు కూర్చుని జావ తాగించింది. మూతి తుడిచింది. ఆ మాట మాత్రం చెప్పలేదు. మేం వెళ్ళిపోయిన వారానికో ఎప్పుడో ఆయన పోయాడు, ఆ ఫొటో పెట్టెలో పక్కన పెట్టి పూడ్చారు.

ఆ రోజు తిరిగొస్తూ బస్సుకోసం వానలో ఒకే గొడుగు కింద నిలబడ్డాం. నేనే ఉండబట్టలేక, "ఎందుకే పాడినావు, తిట్టక? ఆ ముసలోడికి అదీ ఇదీ ఒకటే కదా. పాట లేనప్పుడూ ఫస్ట్ క్లాసే అన్నాడు, ఉన్నప్పుడూ ఫస్ట్ క్లాసే అన్నాడు," అన్నాను.

రూతు చెంపలమీద నీళ్ళు తుడుచుకుంది. అవి వానవో, కావో.

"ఆయనకి ఒకటేనక్కా," అంది. "కానీ ఆ రోజు చర్చిలో ఎవురూ ఇన్లేదు. ఈ రోజు ఆయనొక్కడే ఇన్లేదు."